మన రెక్ లీగ్ తెలుగు పేరెంట్స్‌కి రెఫరీ ఫీజు గురించి ఒక బహిరంగ లేఖ

అన్నయ్యలకి, అక్కలకి, మన టౌన్ రెక్ బాస్కెట్‌బాల్‌లో (అంటే టౌన్ తరఫున సరదాగా ఆడించే రిక్రియేషన్ లీగ్‌లో) పిల్లల్ని ఆడిస్తున్న తెలుగు పేరెంట్స్ అందరికీ నమస్కారం.

ఈ ఫాల్ రిజిస్ట్రేషన్ ఫారంలో రెఫరీ ఫీజు అని ఒక కొత్త లైన్ పెట్టాలని లీగ్ బోర్డు అనుకుంటోంది. ఆ మాట బయటికొచ్చిన దగ్గర్నుంచి మన వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే గోల. "ఇప్పటికే ఇంత కడుతున్నాం కదా మళ్ళీ ఇదేంటి", "పేరెంట్స్‌లోనే ఎవరో ఒకరు విజిల్ ఊదితే సరిపోదా", "మూడో క్లాసు పిల్లల ఆటకి ఇద్దరు రెఫరీలెందుకు"... అన్నీ చదివా. డబ్బు అడిగినప్పుడు లెక్క అడగడం న్యాయమే, అందులో ఎవర్నీ తప్పు పట్టను. ఈ లీగ్‌కి రెఫరీల షెడ్యూల్ వేసేది నేనే కాబట్టి ఆ లెక్క చెప్పాల్సింది కూడా నేనే. గ్రూప్‌లో ముక్కలు ముక్కలుగా పెడితే పైన పెట్టింది కింద పెట్టింది కలవకుండా పోతుందని ఒకేసారి రాస్తున్నా, పొడుగైంది, కాస్త ఓపిక పట్టండి.

ముందు అసలు కష్టం ఎక్కడుందో చెప్తా. మన సెంట్రల్ న్యూజెర్సీలో డిసెంబర్ నుంచి మార్చి మొదటి వారాల దాకా శనివారం వచ్చిందంటే ఏ టౌన్‌లో చూసినా మిడిల్ స్కూల్ జిమ్ తలుపులు తెరిచే ఉంటాయి. రెక్ గేమ్స్ మనవి, పక్క టౌన్‌వి, ఆ పక్క టౌన్‌వి. అదే రోజు సెలెక్షన్ పెట్టి తీసుకున్న టీంలు వేరే టౌన్లకి వెళ్ళి ఆడే ట్రావెల్ లీగ్ గేమ్స్, అదే రోజు చర్చిల వాళ్ళ సీవైఓ లీగులు, అదే రోజు పెద్ద పెద్ద ఇండోర్ సెంటర్లలో ఏఏయూ అనే క్లబ్ టీంల టోర్నమెంట్లు. ఇవన్నీ కలిపి తిరిగే రెఫరీలు మాత్రం ఒకే గుంపు. వాళ్ళెవరికీ ఇది ఫుల్ టైం ఉద్యోగం కాదు, వారమంతా స్కూల్లో పాఠాలు చెప్పుకునేవాళ్ళు, వేర్‌హౌస్ షిఫ్ట్ దిగి వచ్చేవాళ్ళు, రిటైరై మోకాళ్ళకి పట్టీలేసుకుని పరిగెత్తేవాళ్ళు. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ స్పోర్ట్స్ అఫిషియల్స్ అని ఈ రెఫరీల సంఘం ఒకటుంది, 2017 లో వాళ్ళు 17 వేల మందికి పైగా రెఫరీలని, అంపైర్లని అడిగి చేసిన సర్వేలో సగటు వయసు యాభై దాటిందని తేలింది. హైస్కూల్ ఆటలకి రూల్స్ రాసే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ సంస్థ చెప్పిన లెక్క ఇంకా భయం పుట్టిస్తుంది, 2018-19 సీజన్‌కీ 2021-22 సీజన్‌కీ మధ్య దేశం మొత్తం మీద అన్ని ఆటల్లో కలిపి సుమారు 50 వేల మంది మానేశారు. కోవిడ్‌లో ఇంట్లో కూర్చున్నవాళ్ళు, వీకెండ్ అంటే ఇంత హాయిగా ఉంటుందా అనుకుని మళ్ళీ రాలేదు. మనకి అది హైస్కూల్ వాళ్ళ గొడవలే అనిపించొచ్చు, కానీ హైస్కూల్‌కి తక్కువైతే వాళ్ళు ట్రావెల్ లీగుల నుంచి లాగుతారు, ట్రావెల్ వాళ్ళు మన దగ్గర్నుంచి లాగుతారు, మనం లాగడానికి మన కింద ఎవరూ లేరు.

ఇప్పుడు నా పని ఎలా ఉంటుందో చెప్తా. గురువారం రాత్రి పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ తీసి ఆ వారం గేమ్స్‌కి పేర్లు వేస్తా, దీనికి ఆర్బిటర్ స్పోర్ట్స్, అసైనర్ లాంటి సాఫ్ట్‌వేర్లున్నాయి, రెఫరీ ఫోన్‌లో యాక్సెప్ట్ కొడితే ఆకుపచ్చ, డిక్లైన్ కొడితే ఎరుపు. శుక్రవారం పొద్దున్నకల్లా సగం ఎరుపు. ఎందుకు డిక్లైన్ చేశారో అడిగితే మొహమాటం లేకుండానే చెప్తారు. ఒకళ్ళకి పక్కన టోర్నమెంట్‌లో వరసగా ఆరు గేమ్స్ దొరికాయి, డబ్బులు సాయంత్రానికి చేతికొస్తాయి. మన దగ్గర మధ్యలో గంటన్నర గ్యాప్‌తో రెండే గేమ్స్, డబ్బులు ఎప్పుడొస్తాయో తెలీదు. ఆయన ఇంటి దగ్గర్నుంచి మన జిమ్‌కి రావడానికి అరగంట, పోవడానికి అరగంట, ఒక్క గేమ్ కోసమైతే రెండు గంటల పైన పోయినట్టే. అందులోంచి గ్యాస్ ఖర్చు తీసెయ్యండి. ఆ మనిషి స్థానంలో నేనున్నా అక్కడికే పోతా.

దీనికితోడు టౌన్ ద్వారా డబ్బులు వెళ్ళే పద్ధతి ఒకటుంది. జెర్సీలో మున్సిపాలిటీ ఎవరికి పైసా ఇవ్వాలన్నా వోచర్ మీద సంతకం పెట్టాలి, అది కౌన్సిల్ మీటింగ్‌లో బిల్ లిస్ట్‌లోకి, అంటే చెల్లించాల్సిన వాటి జాబితాలోకి ఎక్కాలి, పాసవ్వాలి, అప్పుడు చెక్. ప్రజల డబ్బు కాబట్టి ఆ జాగ్రత్త ఉండాల్సిందే, నేను కాదనట్లేదు, కానీ జనవరి మొదట్లో శనివారం పరిగెత్తినవాడికి ఫిబ్రవరి మధ్యలో చెక్ వస్తే వాడు వచ్చే సీజన్ మన నంబర్ చూసి ఫోన్ ఎత్తడు. ఇంక మంచు పడిందంటే స్కూలు మూసేస్తారు, స్కూలు మూస్తే జిమ్ మూసినట్టే, గేమ్ క్యాన్సిల్. పొద్దున్నే లేచి కారు మీద మంచు గీక్కుని బయల్దేరినవాడికి దారిలో మెసేజ్ పోతుంది. ఆ రోజు అతనికి ఏమీ రాదు, పక్క టౌన్‌లో ఒప్పుకోకుండా మన కోసం వదులుకున్నది కూడా పోయినట్టే.

సరే, లెక్కలోకొద్దాం. నిజం రేట్లు గ్రేడ్‌ని బట్టి, అనుభవాన్ని బట్టి మారతాయి, అర్థం కావడానికి రౌండ్ ఫిగర్లు తీసుకుంటా. ఒక గేమ్‌కి ఒక పెద్ద రెఫరీకి 40 డాలర్లు అనుకోండి, పక్కన హైస్కూల్ చదివే కుర్ర రెఫరీకి 25 అనుకోండి. మొత్తం 65. ఒక్కో టీంలో పది మంది, రెండు టీంలకి ఇరవై మంది పిల్లలు. 65 ని 20 తో భాగిస్తే పిల్లాడికి గేమ్‌కి మూడుంపావు డాలర్. సీజన్‌కి ఎనిమిది గేమ్స్ అనుకుంటే 26 డాలర్లు. ఇద్దరూ పెద్ద రెఫరీలే అయితే 80, పిల్లాడికి గేమ్‌కి 4, సీజన్‌కి 32. మనం ఇంత గోల పడుతున్నది ఈ పాతిక, ముప్పై డాలర్ల దగ్గర. ఇప్పటిదాకా ఈ ఖర్చు రిజిస్ట్రేషన్ ఫీజులోనే జిమ్ కస్టోడియన్, జెర్సీలు, ట్రోఫీలు, ఇన్సూరెన్స్‌తో కలిసిపోయి ఉండేది, ఎక్కడైనా కోత పెట్టాలంటే మొదట రెఫరీల మీదే పడేది, ఎందుకంటే ట్రోఫీ తగ్గిస్తే పేరెంట్స్‌కి కనపడుతుంది, రెఫరీ తగ్గిస్తే వెంటనే కనపడదు. విడిగా లైన్ పెట్టమనడం వెనక కారణం ఇదే, ఆ పేరు మీద వసూలైన డబ్బు ఆ పేరు మీదే ఖర్చవ్వాలి, సీజన్ చివర్లో ఎంత వచ్చింది ఎంత ఇచ్చాం అని మీ అందరికీ కనపడాలి. కొంతమందికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆడుతున్నారు, వాళ్ళకి భారమవుతుందని నాకు తెలుసు, రెండో పిల్లాడి నుంచి సగమే తీసుకోమని, ఇబ్బంది ఉన్న ఇంటికి అడక్కుండా మాఫీ చెయ్యమని బోర్డుని నేనే అడిగా.

"పేరెంట్సే చెయ్యొచ్చు కదా" అన్న మాటకి వస్తా, ఇది మంచి మనసుతో అన్నమాటే. సొంత పిల్లాడు ఆడుతున్న గేమ్‌లో తండ్రి విజిల్ ఊదితే ఏమవుతుందో ఊహించుకోండి, తన పిల్లాడి ఫౌల్ ఊదితే ఇంట్లో గొడవ, ఊదకపోతే జిమ్‌లో గొడవ. వేరే గ్రేడ్ గేమ్‌కి వెళ్ళి చేద్దామంటే మన వాళ్ళలో చాలామందికి వీసా అడ్డం. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప ఇలాంటి పని డబ్బులు తీసుకుని చెయ్యడానికి లేదు, ఒక గేమ్‌కైనా సరే. డబ్బులొద్దు ఉచితంగానే చేస్తా అన్నా, అదే పనికి పక్కవాళ్ళకి డబ్బులిస్తున్నప్పుడు అది కూడా చిక్కే, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా దిగకండి దయచేసి. హెచ్4 మీద ఉన్న పిల్లలు కూడా పనిచేసి డబ్బులు తీసుకోకూడదు. హెచ్4 ఈఏడీ, అంటే పని చేసుకోవడానికి పర్మిట్ కార్డ్ ఉన్న అక్కలు మాత్రం నిక్షేపంగా చెయ్యొచ్చు, కాలేజీ రోజుల్లో యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ ఆడినవాళ్ళు మీలో ఉన్నారని నాకు తెలుసు, అమ్మాయిల గేమ్స్‌కి ఆడ రెఫరీ కావాలని అడిగే పేరెంట్స్ చాలామంది, నా లిస్ట్‌లో మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. ఇక్కడ పుట్టిన పిల్లలు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు, గ్రీన్ కార్డ్ అప్లికేషన్ మీద ఈఏడీ వచ్చినవాళ్ళు చెయ్యొచ్చు. వీసా వల్ల కుదరనివాళ్ళకి కూడా పనుంది, స్కోర్ టేబుల్ దగ్గర కూర్చోండి. క్లాక్ నడపడం, బుక్‌లో ఫౌల్స్ రాయడం ఎప్పుడూ పేరెంట్స్ ఊరికే చేసే పనే, టేబుల్ దగ్గర తెలిసిన మనిషి ఉంటే రెఫరీకి సగం తలనొప్పి తగ్గుతుంది, ఎవరికి ఎన్నో ఫౌల్ అని ప్రతిసారీ వచ్చి అడగక్కర్లేదు.

మన వీకెండ్ క్రికెట్ లీగులు చూడండి, అంపైరింగ్ లేకుండా మ్యాచ్ ఉండదని అక్కడ మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, చాలా లీగుల్లో వేరే టీం వాళ్ళు డ్యూటీకి రాకపోతే పాయింట్లు కోసేస్తారు, దాన్ని ఎవరూ అన్యాయం అనరు. మన ఆటకి ఒప్పుకున్నది పిల్లల ఆటకీ ఒప్పుకుందాం అంటున్నా.

ఇద్దరు రెఫరీలు ఎందుకు అని అడిగినవాళ్ళకి. ఇది ఈ మధ్య ఎవరో ఖర్చు పెంచడానికి పెట్టింది కాదు. 1891 డిసెంబర్‌లో మనకి మూడు నాలుగు గంటల డ్రైవ్‌లో ఉన్న మసాచుసెట్స్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట కనిపెట్టి 13 రూల్స్ రాశారు, ఆ పదమూడింట్లోనే పదో రూల్ మనుషుల్ని చూసే అంపైర్ గురించి, పదకొండో రూల్ బంతిని చూసే రెఫరీ గురించి. మొదటి రోజు నుంచే ఇద్దరు. ఇప్పుడు పేర్లు మారాయి, బేస్‌లైన్ దగ్గర నిలబడేవాడు లీడ్, వెనక హాఫ్ కోర్ట్ వైపు ఉండేవాడు ట్రైల్, బంతి ఇటు తిరిగితే పాత్రలు మారతాయి. లీడ్ రింగ్ కింద తోపులాట చూస్తాడు, ట్రైల్ బంతి తెచ్చేవాడిని, షాట్ వేసేవాడి చెయ్యిని, త్రీ పాయింట్ గీతని చూస్తాడు. ఒక్కడే ఉంటే బంతి వెంట కళ్ళు పోతాయి, బంతి లేని చోట ఒక పిల్లాడు ఇంకో పిల్లాడి జెర్సీ పట్టి లాగితే కనపడదు, మోచెయ్యి విసిరితే కనపడదు. పోయిన సీజన్‌లో మనుషులు దొరక్క చాలా గేమ్స్ ఒక్కరితోనే నడిపా, ఎక్కువ కంప్లైంట్లు వచ్చింది సరిగ్గా ఆ గేమ్స్ నుంచే. కాళ్ళ మీద పడి దెబ్బలు తగిలింది కూడా ఆ గేమ్స్‌లోనే. ఇది ముద్దుముచ్చట విషయం కాదు, పిల్లల ఒళ్ళు భద్రంగా ఇంటికి రావడం గురించి.

ఇప్పుడు డబ్బు కన్నా కష్టమైన సంగతి. 2019 జనవరిలో ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ తల్లిదండ్రులకి ఒక బహిరంగ లేఖ రాసింది, దాని సారాంశం కాస్త తగ్గండి అని. అందులో చెప్పిన రెండు మాటలు నా మనసులోంచి పోవు. మానేసిన హైస్కూల్ రెఫరీల్లో 75 శాతం పైగా పెద్దవాళ్ళ ప్రవర్తన వల్లే మానేశామని చెప్పారట. కొత్తగా చేరిన కుర్ర రెఫరీల్లో 80 శాతం రెండేళ్ళకే రెఫరీల చారల చొక్కా విప్పేస్తున్నారట. ఎంత ఫీజు పెట్టినా, ఎన్ని క్లాసులు పెట్టినా, చేరినవాళ్ళు ఇలా పోతుంటే ఆ డబ్బు అడుగు లేని బిందెలో నీళ్ళు పోసినట్టే. మన రాష్ట్రంలోనే దక్షిణాన డెప్ట్‌ఫర్డ్ అనే టౌన్‌లో లిటిల్ లీగ్ బేస్‌బాల్ వాళ్ళు 2023 లో ఒక రూల్ పెట్టారు, అంపైర్‌ని తిట్టిన పేరెంట్ మళ్ళీ గ్రౌండ్‌లోకి రావాలంటే ముందు మూడు గేమ్స్ తనే అంపైరింగ్ చెయ్యాలి. వాలంటీర్ అంపైర్లు తిట్లు పడలేక వెళ్ళిపోవడంతో పెట్టిన రూల్ అది. మన దగ్గర అంతదాకా రావాలని నేను కోరుకోవట్లేదు, కానీ ఒక విషయం గుర్తుపెట్టుకోండి, జెర్సీలో యూత్ స్పోర్ట్స్ ఈవెంట్‌లో 16 ఏళ్ళ లోపు పిల్లల ముందు పెద్దవాళ్ళు ఎవరి మీదైనా చెయ్యి చేసుకుంటే అది మామూలు కొట్లాట కేసు కాదు, ఫోర్త్ డిగ్రీ క్రైమ్. వీసా మీద ఉన్న ఇంటికి పోలీస్ కేసంటే ఏంటో నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

మన వాళ్ళు చెయ్యి చేసుకునే రకం కాదులే అంటారు, నిజమే, నేనెప్పుడూ చూడలేదు. చూసింది ఇంకోటి, అదీ చెప్తా. జనవరిలో మూడు నాలుగు గ్రేడ్‌ల గేమ్, చిన్న జిమ్, బ్లీచర్స్ (చూసేవాళ్ళు కూర్చునే మెట్ల బెంచీలు) ఒక వైపే ఉంటాయి, అంటే పేరెంట్స్ మోకాళ్ళకీ సైడ్‌లైన్‌కీ మధ్య అడుగు దూరం. ట్రైల్‌లో ఉన్న రెఫరీ పదో క్లాసు అమ్మాయి, మన తెలుగమ్మాయే, చొక్కా పెద్దదై మోచేతుల దాకా వచ్చింది, విజిల్ తాడు వేళ్ళకి రెండు చుట్లు చుట్టుకుంది. ఫౌల్ ఊదింది, పిడికిలి పైకెత్తింది, టేబుల్ వైపు వచ్చి రెండు చేతుల్తో నంబర్ చూపించింది, అంతా పద్ధతిగా. ఆ పిల్లాడి తాలూకు ఒకాయన బ్లీచర్స్‌లోంచి గట్టిగా తెలుగులో, "ఏంటమ్మా అది ఫౌలా, కళ్ళున్నాయా లేవా, ఎవరు పెట్టారు దీన్ని ఇక్కడ" అన్నాడు. పక్కనున్న నలుగురు నవ్వారు. ఆ పిల్లకి తెలుగు రాదనుకున్నారో, లేకపోతే తెలుగులో అంటే అన్నట్టు కాదనుకున్నారో నాకు తెలీదు. ఆ పిల్ల ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, అమ్మమ్మతో రోజూ ఫోన్‌లో మాట్లాడుతుంది. చెవుల దాకా ఎర్రబడింది, నంబర్ మళ్ళీ చూపించి పరిగెత్తుకుంటూ తన చోటికి పోయింది, ఆ తర్వాత మిగిలిన క్వార్టర్లలో తన విజిల్ నాకు దాదాపు వినపడలేదు, ఎదురుగా తోసుకుంటున్నా ఊదలేదు. తర్వాతి గురువారం నా స్క్రీన్ మీద ఆ అమ్మాయి పేరు పక్కన ఎరుపు. ఆ తర్వాత కూడా ఎరుపే. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి, "పోనీలే అక్కా, చదువుకుంటుంది" అంది, అంతకు మించి ఏమీ అనలేదు. అదే అంకుల్ వినాయక చవితికి ఆ అమ్మాయికి ప్రసాదం పెట్టి "బాగా చదువుతున్నావా తల్లీ" అని అడిగే మనిషే. జిమ్‌లో ఆ చొక్కా వేసుకోగానే మన పిల్ల పరాయిదైపోయింది. ఇది నాకు ఎంత బాధేసిందో ఈ లేఖ రాసేటప్పుడు కూడా చెయ్యి ఆగుతోంది.

మన చిన్నప్పుడు స్కూల్లో ఖోఖో, కబడ్డీ ఆడితే పీఈటీ సారు విజిల్ వేశాడంటే వేసినట్టే, ఏ నాన్నా గోడ మీంచి అరవలేదు. అప్పుడు సార్లంటే భయం, ఇప్పుడు అలాంటి భయం కావాలని నేననట్లేదు. కాస్త మర్యాద చాలు.

ఇంకో విషయం, బ్లీచర్స్‌లోంచి మనం అరిచే రూల్స్‌లో చాలావరకు రూల్ బుక్‌లో ఉన్నవి కావు. "త్రీ సెకండ్స్" అని అరుస్తాం, అంటే అటాక్ చేసే టీం పిల్లాడు రింగ్ ముందు గీసిన డబ్బాలో మూడు సెకన్లకి మించి నిలబడ్డాడని, కానీ షాట్ వేశాక బంతి గాల్లో ఉన్నంతసేపు, రీబౌండ్ కోసం కొట్టుకుంటున్నంతసేపు ఆ లెక్క నడవదు, ఎవరో ఒకరి చేతికి చిక్కాకే మళ్ళీ మొదటి నుంచి. "ఓవర్ ద బ్యాక్" అనే ఫౌల్ అసలు హైస్కూల్ రూల్ బుక్‌లో లేదు, పొడుగు పిల్లాడు వెనక నుంచి తగలకుండా బంతి అందుకుంటే అది వాడి ఎత్తు, తప్పు కాదు, తోస్తేనే ఫౌల్. "రీచ్" కూడా అంతే, చెయ్యి చాపడం ఫౌల్ కాదు, తగలాలి. బంతి పట్టుకున్న చేతి మీద, బంతిని అంటుకుని ఉన్న చోట దెబ్బ పడితే అది ఫౌల్ కిందకి రాదు, ఎంత చప్పుడొచ్చినా సరే. నేల మీద దొర్లుతున్న బంతి కోసం పిల్లాడు డైవ్ చేసి పట్టుకుని అలా జారుకుంటూ పోతే ట్రావెల్ (బంతి పట్టుకుని కదిలే తప్పు) కాదు, ఆగాక బోర్లా వెల్లకిలా దొర్లితేనో, లేవబోతేనో ట్రావెల్. ఇవన్నీ నాకూ టేబుల్ దగ్గర కూర్చున్నాకే రెఫరీలు చెప్తే తెలిశాయి. ఇంక ఒకటి రెండు గ్రేడ్‌ల గేమ్స్‌లో అయితే రెఫరీ సగం కోచ్, పది అడుగుల రింగ్‌ని ఎనిమిది అడుగులకి దించి చిన్న బంతితో ఆడించేటప్పుడు ప్రతి డబుల్ డ్రిబుల్‌కీ (బంతి పట్టుకుని ఆగి మళ్ళీ తట్టడం) విజిల్ ఊదితే ఆట ముందుకే పోదు, అందుకే "ఈసారి పాస్ చెయ్యి నాన్నా" అని చెప్పి వదిలేస్తారు. అది రెఫరీకి రూల్ తెలీక కాదు.

మన పిల్లల్ని రెఫరీలుగా పంపమని అడుగుతున్నా, అది ఈ లేఖలో అన్నిటికన్నా పెద్ద కోరిక. హైస్కూల్‌లో ఉన్నవాళ్ళు, రెక్‌లో ఆడి ఆడి వయసు దాటిపోయినవాళ్ళు, స్కూల్ టీంలో చోటు రాక బాధపడుతున్నవాళ్ళు, వాళ్ళకి ఆట తెలుసు, ఆట మీద ప్రేమ పోలేదు. చిన్న గ్రేడ్‌ల గేమ్స్‌లో పెద్ద రెఫరీ పక్కన నిలబడి నేర్చుకుంటారు. పెద్దయ్యాక సీరియస్‌గా చెయ్యాలనుకుంటే బాస్కెట్‌బాల్ అఫిషియల్స్ బోర్డులు క్లాసులు పెట్టి పరీక్ష పెట్టి తీసుకుంటాయి, ఐఏఏబీఓ అని 1921 నుంచి ఉన్న సంస్థకి మన వైపు బోర్డులున్నాయి. డబ్బు సంగతి అడిగేవాళ్ళ కోసం చెప్తున్నా, రెఫరీలకి సాధారణంగా ఇండిపెండెంట్ కాంట్రాక్టర్‌గా ఇస్తారు, 2025 దాకా ఏడాదికి 600 డాలర్లు చేరితే 1099 అనే ఆదాయం చూపించే టాక్స్ ఫారం వచ్చేది, 2026 నుంచి ఇచ్చే డబ్బుకి ఆ హద్దు 2,000 అయింది. ఫారం రాలేదు కదా అని ఊరుకోకూడదు, ఖర్చులు పోగా సొంత పని ఆదాయం 400 డాలర్లు చేరితే రిటర్న్ వెయ్యాలి. మైనర్లు పని చెయ్యడానికి కావాల్సిన వర్కింగ్ పేపర్స్ అనే అనుమతి పత్రాలు ఎవరికి అవసరమో టౌన్ ఆఫీసులో ముందే కనుక్కోండి. మన నాన్నలకి నచ్చే మాట ఇంకోటి, పిల్లలు నిజంగా సంపాదించిన డబ్బుంటే ఆ మేరకి వాళ్ళ పేరు మీద కస్టోడియల్ రాత్ ఐఆర్ఏ, అంటే పెద్దవాళ్ళు చూసుకునే రిటైర్మెంట్ పొదుపు ఖాతా తెరవొచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చేది మాత్రం వేరే, పదిహేనేళ్ళ పిల్ల క్షణంలో నిర్ణయం తీసుకుని, నిండు జిమ్ ముందు చెయ్యెత్తి నిలబడటం. ఏ కోచింగ్ క్లాసులోనూ అది నేర్పరు.

బోర్డులో ఉన్న మన తెలుగువాళ్ళకి కూడా ఇక్కడే నాలుగు మాటలు. ఫీజు వసూలు చేస్తే సరిపోదు అన్నయ్యా, డబ్బు ఇచ్చే పద్ధతి మారాలి. వోచర్ దారి ఆలస్యమైతే టౌన్ ఫైనాన్స్ వాళ్ళతో మాట్లాడి, సీజన్ మొదలయ్యే ముందే ఆ పద్దు కింద డబ్బు పక్కన పెట్టించండి, గేమ్ అయిన వారం లోపు రెఫరీ ఖాతాలో పడేలా చూడండి. ఒకే జిమ్‌లో మూడు నాలుగు గేమ్స్ వరసగా పెట్టండి, గ్యాప్‌లు వద్దు, అప్పుడు అరగంట డ్రైవ్ చేసి వచ్చినవాడికి గిట్టుబాటవుతుంది. బయల్దేరాక క్యాన్సిల్ అయితే సగం ఇవ్వండి. పద్దెనిమిది నిండని రెఫరీ చేతికి రంగు బ్యాండ్ కట్టండి, చూడగానే వీళ్ళు పిల్లలు అని బ్లీచర్స్‌కి తెలియాలి. మాటలు మీరిన పేరెంట్‌ని బయటికి పంపే పని రెఫరీది కాదు, ముఖ్యంగా కుర్ర రెఫరీది అస్సలు కాదు, ప్రతి జిమ్‌లో బోర్డు తరఫున ఒక పెద్ద మనిషి ఉండాలి, ఆ మనిషే వెళ్ళి మాట్లాడాలి. ఆ పెద్ద మనిషి మన వాడైతే ఇంకా మంచిది, తెలుగులో అన్న మాటకి తెలుగులోనే జవాబు చెప్పొచ్చు.

బోర్డు ఓటింగ్ రిజిస్ట్రేషన్ తెరవకముందే ఉంటుంది, మీటింగ్ అందరికీ ఓపెన్, పేరెంట్స్ వచ్చి మాట్లాడొచ్చు. ఫీజు మీద ఇంకా అభ్యంతరం ఉన్నవాళ్ళు కూడా రండి, నా లెక్కలో తప్పుంటే అక్కడే చూపించండి, సరిచేసుకుందాం. ఒప్పుకునేవాళ్ళు వాట్సాప్‌లో బొటనవేలు పెట్టి వదిలెయ్యకుండా వచ్చి కూర్చోండి, పోయినసారి మన వైపు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లల్ని రెఫరీ ట్రైనింగ్‌కి పంపేవాళ్ళు, హెచ్4 ఈఏడీ ఉండి చెయ్యాలనుకునే అక్కలు, స్కోర్ టేబుల్‌కి వచ్చే అన్నయ్యలు ఇప్పుడే నాకు పేరివ్వండి, నవంబర్‌లో ఒక శనివారం మిడిల్ స్కూల్ జిమ్ తీసుకుని పెద్ద రెఫరీ ఒకాయనతో సిగ్నల్స్, నిలబడే చోట్లు ప్రాక్టీస్ చేయిస్తా, విజిల్స్, చొక్కాలు నేను తెస్తా, కారు లేని పిల్లలకి రైడ్ కూడా నేనే ఇస్తా. పోయిన సీజన్ వెళ్ళిపోయిన ఆ అమ్మాయికి మొదటి ఫోన్ నేనే చేస్తున్నా.

ఇట్లు,
మీలో ఒక అమ్మ, లీగ్ రెఫరీ షెడ్యూలింగ్ వాలంటీర్